జవాబు రాని సాక్ష్యం

తార్నాకలోని మా చర్చిలో ఆదివారం సాక్ష్యాల సమయంలో జబ్బు నయమైనవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు లేచి దేవునికి కృతజ్ఞతలు చెప్పేవారు. యూనివర్సిటీ హాస్టల్లో నా గదిలోనే ఉండి పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్ అక్క కూడా ప్రతివారం లేచేది. చున్నీ తల మీదికి లాక్కుని, "తమ్మునికి ఇంకా తక్కువ కాలే. ప్రార్థన చెయ్యున్రి" అని కూర్చునేది. బండి మీద నుంచి పడ్డ ఆమె తమ్ముడు నెలల తరబడి స్పృహ లేకుండా ఆస్పత్రిలోనే ఉన్నాడు. జనం ఇబ్బందిగా తలలు దించుకునేవారు.

ఓసారి క్యాంపస్‌లో నడిచి వస్తూ అడిగాను. "అది చెప్పడానికి లేవడం ఎందుకక్కా?"

"నయమైనోళ్లే లేస్తే కానోళ్లు ఏడికి పోవాలె? నాకు మస్తు భయమైతది. అందరి ముందు దేవుణ్ని అడిగినంక, ఇంకో వారం ఆస్పత్రికి పోయే ధైర్యమొస్తది" అంది.

వానాకాలంలో తమ్ముడు పోయాడు. సమాధి చేసిన తర్వాతి ఆదివారం కూడా అక్క లేచింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. అప్పుడు వెనక వరుసలో, ఎన్నడూ నోరు తెరవని ఒక పెద్దాయన లేచాడు.

"నా భార్యకు గూడ తక్కువ కాలేదమ్మా" అన్నాడు.

తర్వాత ఇంకొకామె లేచింది. "మా పిల్ల ఇంకా ఇంటికి రాలే" అంది. అలా ఒక్కొక్కరే లేస్తున్నారు. అక్క ఏడుస్తూ, నిలబడి అందరి మాటా వింది.