ఒక్కసారి పడుకోండి

మా మావయ్యకి మనుషుల్ని పడుకోబెట్టే పిచ్చి. వచ్చినవాళ్ళకి కొందరు కాఫీ ఇస్తారు, కొందరు కుర్చీ వేస్తారు. ఈయన మంచం చూపించి, "ఒక్కసారి అలా పడుకోండి" అంటాడు. సర్కారు ఆసుపత్రికి పెద్దడాక్టరు కాబట్టి ఎవరూ కాదనలేకపోయేవారు.

"రోగి ఆసుపత్రిని పడుకుని చూస్తాడు. డబ్బిచ్చేవాడు నిలబడి చూస్తాడు. ఇంక ఇద్దరికీ పొంతన ఎలా కుదురుతుంది?" అని ఆయన వాదన.

పరుపుల కాంట్రాక్టరు తను అమ్మిన పరుపు మీదే పడుకుని, "వీపులో ఏదో గుచ్చుకుంటోందండీ" అన్నాడు. "నాతో కాదు, మీ ఫ్యాక్టరీతో చెప్పండి" అన్నాడు మావయ్య. వారం తిరక్కుండా కొత్త పరుపులు దిగాయి. ఇంకోసారి ఒక నాయకుడు పడుకుని పైకి చూసేసరికి, ఊడబోతున్న పెచ్చు సరిగ్గా ఆయన ముక్కుకి గురిపెట్టి ఉంది. ఆయన లేచిన ఊపు చూసి, ఏదో ఘనకార్యమనుకుని అనుచరులు జిందాబాద్ కొట్టారు.

అత్తయ్య ఆయనతో బజారుకెళ్తే మంచాల కొట్టున్న వీధి తప్పించి చుట్టూ తిరిగొచ్చేది.

నేను అదే ఆసుపత్రిలో నర్సుని. ఇంట్లో 'మావయ్యా', వార్డులో 'సార్'. ఒకరోజు ఉండబట్టలేక, "సార్, మన పరువు పోతోంది" అన్నాను.

"పరువు సంగతి తర్వాత. ముందు పరుపు సంగతి చూడమ్మా!"

ఆ ఏడు ఖజానా అడుగంటింది. ఇకమీదట సర్కారు ఆసుపత్రుల్లోనూ మంచానికి రోజువారీ అద్దె వసూలు చేస్తారని పుకారు పుట్టింది. పుకారు వెనకే ఆర్థికశాఖ అధికారి దిగాడు. నలగని చొక్కా, నలిగిపోయిన మొహం.

"డాక్టరుగారూ, పన్నులు కట్టేవాళ్ళు పిడికెడు, రోగులు కొండంత. అద్దె పెట్టక నన్నేం చేయమంటారు?" అన్నాడు వార్డులో అడుగుపెడుతూనే.

"మీ ఇబ్బంది నిజమే. ఒక్కసారి పడుకోండి."

అధికారి మొహం ఎర్రబడింది. మరి ఏమనుకున్నాడో, బూట్లు విప్పి ఖాళీ మంచం మీద వాలిపోయాడు.

పక్క మంచం మీద కాలికి కట్టుతో ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు. కొత్త రోగి అనుకున్నాడు పాపం.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదు."

"నేనూ అలాగే అనుకుంటూ పుండు ముదరబెట్టుకున్నా. ఆసుపత్రంటే ఇల్లు గుల్లవుతుందని భయం. ఇక్కడ డబ్బులడగరని ఎవరో చెబితే వచ్చా. వేళ్ళు పోయినా కాలు దక్కింది. ఇంకాస్త ముందే తెలిసుంటే వేళ్ళూ దక్కేవి. మీరు దిగులుపడకండి, నడిచొచ్చారుగా!" అని తన దుప్పటి ఆయన మీదికి విసిరాడు.

అధికారి ఆ దుప్పటి కప్పుకున్నాడు. తిరుగుతున్న ఫ్యాను వైపే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి గురక మొదలైంది.

"సార్, లేపనా?"

"లేపావో, నీ వీపు పగులుద్ది" అని మావయ్య మెల్లగా ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. "అమ్మో! ఖజానాలో లేనిదంతా ఇక్కడే ఉంది."

"ఆయన్ని సిగ్గుపడేలా చేయడానికే కదా మావయ్యా పడుకోబెట్టావు?" వార్డని మరిచి అడిగేశాను.

"సిగ్గుపడేలా చేస్తే మనిషి మొండికేస్తాడే పిచ్చిదానా. మొహం చూళ్ళేదూ? వెళ్ళిన ప్రతి ఆసుపత్రిలోనూ తిట్లు తిని వచ్చాడు. ఆ కాంట్రాక్టరుకి విపరీతమైన నడుంనొప్పి. ఆ నాయకుడు నిద్రలేక తూలిపోతున్నాడు. నిలబడలేనివాళ్ళనే కదా నేను పడుకోమనేది! వాళ్ళకి పెచ్చులూ పరుపులూ కనబడ్డాయంటే అది మన అదృష్టం."

ఇన్నేళ్ళూ నేను యుక్తి అనుకున్నది వైద్యమన్నమాట!

అధికారి లేచాడు. మావయ్య మాత్రలిస్తే, అలవాటుకొద్దీ జేబులో చెయ్యి పెట్టి, "ఎంతండీ?" అన్నాడు.

"ఇక్కడ తీసుకోరు బాబూ" అన్నాడు మేస్త్రీ, తనే ఇప్పించినంత దర్జాగా.

తర్వాత ఉత్తర్వులొచ్చాయి. విడిగదులు కోరేవాళ్ళకి మాత్రమే అద్దె, వార్డులో మంచం ఉచితం. నిధులు మాత్రం మేం అడిగినదాంట్లో సగమే. మిగతా సగం కోసం ఆ అధికారే పైవాళ్ళతో దెబ్బలాడుతున్నాడని తెలిసి మావయ్య కంగారుపడ్డాడు.

"దెబ్బలాడితే ఆడాడు గానీ, మాత్రలు మానొద్దని కబురు పెట్టవే!"