నా నీడ, ఆవిడ ఎండ

సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ల ముందు ఒక ఖాళీ స్థలం ఉండేది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద, మిగతా రోజుల్లో క్రికెట్టు. ఎనభైల మొదట్లో ఒక ఏప్రిల్ ఆదివారం తోటల శాఖ ఆఫీసరు వచ్చి అక్కడ షామియానా వేయించాడు. ఏ చెట్లు వెయ్యాలో, ఎటువైపు వెయ్యాలో కాలనీవాళ్ళే చెప్పాలట. నాకు ఒళ్ళు పులకరించింది. అప్పటిదాకా మా ఇంట్లో ఏం కూర వండాలో కూడా నన్నెవరూ అడగలేదు.

పాత క్యాలెండరు వెనక బొమ్మ గీసుకుని మరీ వెళ్ళాను. ఇళ్ళకి ఎదురుగా, దక్షిణం పక్కన, వరసగా వేపచెట్లు. కాకినాడ నుంచి ఈ ఉత్తరాదికి వచ్చి ఏడాది కూడా కాలేదు. కాలనీలో నేను ఉత్త 'మద్రాసీ భాభీ'ని. ఆ వేపల్ని చూసి, ఇది ఫలానా ఆవిడ ఆలోచన అని ఎవరైనా అనాలని నా ఆశ.

మా పై అంతస్తులో ఒక నర్సు ఉండేది. గుంటూరు వైపు మనిషి. హిందీ గడగడా మాట్లాడేది. నాకు క్రియాపదం దొరికేలోపు కూరల బండి వీధి దాటిపోయేది. ఆవిడంటే నాకు అసూయ అనను. అసూయ మర్యాదగల మాట. నాది కుళ్ళు.

ఆఫీసరు నా బొమ్మ పైకెత్తి, "వాహ్ భాభీజీ!" అన్నాడు. షామియానా కింద కూడా ఉడికిపోతున్న జనం నీడ అనగానే తలలూపారు. ఆయన పెన్సిలుతో తన ప్లానులో గుర్తులు పెడుతున్నాడు. అంతలో నర్సు లేచింది.

"సాబ్, సర్దీ మే ధూప్ కహాఁ సే ఆయేగీ?"

చలికాలంలో ఎండ ఎటునుంచి వస్తుందీ అని.

"అరే హాఁ!" అంది పక్కింటి పంజాబీ ఆంటీ. ఆడవాళ్ళంతా ఒక్కసారి గోల.

"ఎండ కోసం చెట్టు మానుకుంటారా ఎవరైనా?" అని తెలుగులో గొణిగాను.

"మొన్న చలికాలమంతా రజాయి దుప్పట్లోంచి బయటికొస్తే కదా వదినా, నీకు తెలిసేది!" అని నవ్వింది నర్సు.

నిజమే. సముద్రపు ఉక్కలో పుట్టినదాన్ని, నీడ ఎప్పుడైనా వరమే అనుకున్నాను. ఇక్కడ జనవరిలో మంచాలు, కుర్చీలు, బఠానీల బుట్టలు, సగం అల్లిన స్వెటర్లు అన్నీ ఎండ వెంట జరుగుతూ పోతాయని, అప్పుడు కూడా వేప ఆకు రాల్చదని నాకేం తెలుసు? చలికాలం ఎండ వచ్చేది దక్షిణం నుంచే కాబట్టి అక్కడ షహతూత్ వెయ్యమంది ఆవిడ. మల్బరీయే, చలికి బోడి అయిపోతుంది. వేపల్ని ఉత్తరం గోడకి పంపించింది. ఆఫీసరు రబ్బరు తీశాడు. ఎండ కోసం నన్ను నలుగురిలో ఎండగట్టింది.

"ఏం బుర్ర ఆవిడది!" అన్నారు మావారు, సాయంత్రం.

"రేపట్నించి ఆ బుర్రనే వండిపెట్టమనండి," అన్నాను.

వానలు పడగానే మొక్కలొచ్చాయి. మెట్లదారికొకటి. మా మెట్లకి షహతూతే వచ్చింది.

"వదినా, నాకు నైట్ డ్యూటీలు. కాస్త నీళ్ళు పోస్తావా?"

పోశాను. ఎండిపోతే నేనే చంపానంటారు మరి. బకెట్టుతో పాటు నా కుళ్ళూ ఎరువుగా పడిందేమో, వరస మొత్తంలో అదే ఏపుగా పెరిగింది.

కొన్నేళ్ళకి ఒక చలికాలం మధ్యాహ్నం అందరం దాని కింద కూర్చున్నాం. కొమ్మల మీద ఆకన్నది లేదు, ఎండ మా ఒళ్ళోనే ఉంది. నర్సు డ్యూటీ నుంచి వచ్చి తలారబెట్టుకుంటోంది. కొత్తగా దిగిన ఒకావిడ, ఈ చెట్టు ఎవరు పెట్టించారని అడిగింది.

"ఊపర్ వాలీ నర్స్ ఆంటీ నే," పై అంతస్తు నర్సాంటీయే అని, అంది మా అమ్మాయి. నా కడుపున పుట్టిన పిల్లే.

నర్సు నా వైపు తిరిగింది. "వదినా, కుర్చీ ఇటు జరుపుకో. అక్కడ గోడ నీడ వస్తోంది."

జరుపుకున్నాను. ఎండ హాయిగా ఉంది. అదే నా బాధ.