పడవ సందుల్లో బెల్లం మడ్డి

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

మాది రెంజల్ దగ్గర గోదావరి ఒడ్డున ఊరు. చేపలు పట్టే నా భర్త పోయాక ఆయన తెరచాప పడవ ఇంటి వెనక రేకుల షెడ్డులో దుంగల మీద పడి ఉండి, చెక్కలు విచ్చుకున్నాయి. "వదినె, ఈ వానలకు ఇది తేలకుంటే నరికి పొయ్యిల పెడ్త," అన్నాడు మరిది. తేలేలా చేయడానికి నేనే పూనుకున్నాను.

మా బాపు, అంటే మా నాన్న, గోడలు కట్టే మేస్త్రి. గట్టిగా పట్టుకుంటుందని గోడల సున్నంలో బెల్లం కలిపేవాడు. ఆ తెలివితోనే బెల్లం వండే చోటు నుంచి అడుగున మిగిలిన మడ్డి తెచ్చి, కొంచెం సున్నం కలిపి, గోనె పీచుతో చెక్కల సందుల్లో కుక్కాను. పైన టార్పాలిన్ కప్పాను.

పది రోజుల తర్వాత పడవ కింద వెల్లకిలా పడుకుని, ఆరిందో లేదోనని సందులో వేలు పెట్టాను. మెత్తగా దిగింది. తెల్లటి పురుగులు గుత్తిగా జారి నా నోట్లో, రవికెలో పడ్డాయి. ఒకటే పులిసిన కంపు. అక్కడే కక్కుకున్నాను.

ఇక ఇది తేలదనుకుని గొడ్డలితో వచ్చిన మరిది ముక్కు మూసుకుని షెడ్డు గడప దగ్గరే ఆగిపోయాడు.

"థూ, గిది పడవనా, పెంటకుప్పనా? నేనైతే ముట్ట. నువ్వే ఏడువు దీంతోని," అని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు కొడవలి మొనతో గీకాను. గీకినంతసేపూ డోకులే. తర్వాత డాంబరు కాచి పోశాను. వానలకు పడవ తేలింది.

ఆయన జ్ఞాపకమని కాపాడుకున్న పడవ. ఎక్కి కూర్చుంటే మాత్రం ఆయన ముఖం కాదు, ఆ పురుగులే గుర్తొస్తాయి. అయినా నరకనివ్వను.