టైలరమ్మ కొన్న పళ్ళ పట్టీ

ట్రాక్టరు నడపడం మొదలుపెట్టి మూడేళ్ళయినా వీధిలో ఆమెను ఇంకా టైలరమ్మ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళు ఇంటి ముందుగదిలో కుట్టుమిషను తొక్కిన మనిషి. స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు, కిటికీ పరదాలు, ఎవరు ఏది తెచ్చినా కాదనేది కాదు. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ.

ట్రాక్టరు భర్తది. దాని ముందు లోడరు, లోడరుకు ఐదడుగుల బకెట్టు. పొద్దున్నే పాల డెయిరీలో పేడ ఎత్తడం, ఆ తర్వాత ఇసుకో కంకరో సర్దడం ఆయన రోజువారీ పని. ఒకనాడు ట్రాలీ మీంచి జారి పడ్డాడు. కుడిభుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చేతిలో పట్టు రాలేదు. లోడరు లివర్లేమో కుడిచేతివైపే. డ్రైవరును పెట్టుకుంటే వాడు పది రోజులకే చెప్పాపెట్టకుండా మానేశాడు.

"నాకు నేర్పు," అంది ఆమె ఒక మధ్యాహ్నం.

"మిషను తొక్కినట్టు కాదే ఇది."

"తొక్కడమైతే వచ్చుగా. మిగతాది చెప్పు."

ఆయన నవ్వాడు. అయినా నేర్పాడు. నెల తిరిగేసరికి డెయిరీ గచ్చు మీద పేడ కుప్పను గోడకు తగలకుండా ఎత్తుకు రావడం ఆమెకు అలవాటైపోయింది.

అసలు చిక్కు బడి దగ్గర వచ్చింది. బడి వెనక ఖాళీ స్థలంలో ఒకప్పుడు లారీలు నిలిపేవారు. ఏళ్ళ తరబడి చక్రాల కింద నలిగి నేల రాయిలా బిగుసుకుపోయింది. పైగా ఒకచోట గుట్ట, ఒకచోట గుంట. పరుగెత్తే పిల్లల మోకాళ్ళు వారానికి నాలుగైనా పగులుతున్నాయని పెద్ద మేడమ్ స్వయంగా ఇంటికొచ్చి చెప్పింది. "చదును చేసిపెట్టండమ్మా, సెలవులైపోయేలోగా."

టైలరమ్మ సరేనంది. తీరా వెళ్ళి బకెట్టు దించితే, అది నేల మీద గరగరా జారిపోయిందే తప్ప పిడికెడు మట్టి లేవలేదు. ఎన్నిసార్లు ముందుకు తోసినా అంతే. పూటంతా తిప్పలు పడి, సున్నపు గీతల్లాంటి గీరలు నాలుగు మిగిల్చి, తల వంచుకుని ఇంటికొచ్చింది.

"బకెట్టుకు పళ్ళు లేవు కదా, ఎలా దిగుతుంది?" అన్నాడు భర్త. "వెల్డర్ బాబాయి చేత పళ్ళు అతికించేద్దాం."

వెల్డర్ బాబాయి కొట్టు వీధి మలుపులోనే. ఆయనకు ముందు పళ్ళు మూడు లేవు. "నా నోట్లో లేనివి నీ బకెట్టుకు పెడతానమ్మాయ్, ఒక్క పూట పని," అన్నాడు హుషారుగా.

మర్నాడు డెయిరీలో ఆ మాట చెబితే డెయిరీ యజమాని చీపురు పక్కన పడేసి మరీ వచ్చాడు.

"అమ్మా, పళ్ళున్న బకెట్టు నా గచ్చు మీద పెట్టావో, రెండు రోజుల్లో గచ్చంతా గీరుకుపోతుంది. గేదెలు కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి. అలాగైతే వేరే బండిని చూసుకుంటా, ఏమీ అనుకోకు."

అందులో తప్పేముంది? పొద్దున గచ్చు, పగలు గట్టినేల. ఒకదానికి పళ్ళు ఉండకూడదు, ఒకదానికి ఉండి తీరాలి. ఇంటికొచ్చి మిషను ముందున్న స్టూలు మీద చాలాసేపు కూర్చుంది. చొక్కాకు కాలరు అతికించి కుట్టవచ్చు, గుండీలతో పెట్టుకునేలానూ కుట్టవచ్చు.

"విప్పుకునే పళ్ళు దొరకవా?" అని భర్తను అడిగింది.

"దొరుకుతాయి. వరసగా పళ్ళున్న పట్టీ ఒకటుంటుంది. బకెట్టు అంచుకు తొడిగి, రెండు పక్కలా బోల్టులు బిగిస్తారు. కాకపోతే సరిగ్గా పట్టాలి. వదులైతే ఊడుతుంది, బిగువైతే అసలు ఎక్కదు."

ఆమె టేపు తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది. బకెట్టు లోపలి వెడల్పు వెనకవైపు కొలిచింది, మధ్యలో కొలిచింది, నోటి దగ్గర కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"ఏమయ్యా, ఇలా రా. వెనక కంటే నోటి దగ్గర ముప్పావు అంగుళం తక్కువుంది. బకెట్టు కుడి చెంప లోపలికి వంగింది."

ఆయన బకెట్టు చెంప మీది రంగును బొటనవేలితో రుద్దాడు.

"ఎప్పుడో వంతెన గోడకు కొట్టుకుంది," అన్నాడు చివరికి. "నీకు తెలిస్తే తిడతావని రంగేయించేశాను."

"ఎన్నేళ్ళైంది?"

"ఆరు."

ఆమె తిట్టలేదు. పడీపడీ నవ్వింది. ఆరేళ్ళు ముప్పావు అంగుళాన్ని దాచిపెట్టిన మొగుడు ఎక్కడైనా ఉంటాడా! ఆయనా నవ్వక తప్పలేదు. భుజం విరిగాక ఆయన అంత మనసారా నవ్వడం అదే మొదలు.

వెల్డర్ బాబాయి చెంపను వేడిచేసి, లోపల జాకీ పెట్టి వెనక్కి నెట్టాడు. ఆమె మళ్ళీ మూడుచోట్లా కొలిచి, అంచు మందం కూడా కాగితం మీద రాసుకుంది.

మర్నాడు ఇద్దరూ స్పేరుపార్టుల కొట్టుకు వెళితే, కొట్టతను ఆమెను పట్టించుకోకుండా భర్తను చూశాడు.

"బకెట్టు ఏ మోడలన్నా?"

"ఆమెనడుగు," అన్నాడాయన.

ఆమె కాగితం విప్పి కొలతలన్నీ చదివింది. కొట్టతను కళ్ళద్దాలు పైకి నెట్టాడు.

"మీరు ఇంజినీరా అమ్మా?"

"టైలర్ని."

అతను రెండు పట్టీలు చూపించాడు. ఒకదానికి తొమ్మిది పళ్ళు, లావుగా, దగ్గరదగ్గరగా. "ఇది తీసుకోండి. గట్టినేలకు పళ్ళు ఎంత ఎక్కువైతే అంత మంచిది. జన్మలో అరగదు." రెండోదానికి ఆరే పళ్ళు, ఎడంగా. మొనలు విడిగా తొడిగి ఉన్నాయి. అరిగితే పిన్ను కొట్టి మార్చుకోవచ్చు.

ఆమె లావు పట్టీని ఒక కొస పట్టుకుని ఎత్తబోయింది. అంగుళం కూడా లేవలేదు.

"ఈ బరువంతా మా చిన్న లోడరే కదా మొయ్యాలి? ఆ మేరకు మట్టి తగ్గుతుంది. పైగా పది సూదులు ఒక్కసారి గుచ్చితే గుడ్డలో దిగవు. ఒక్కటైతే దిగుతుంది. ఆరు పళ్ళది ఇవ్వండి. మొనలు రెండు అదనంగా."

కొట్టతను లావు పట్టీని పక్కకు నెట్టి, బిల్లు పుస్తకం తీశాడు.

పట్టీ అంచు మీదికి జారి, దర్జీ కుట్టిన చొక్కాలా కూర్చుంది. బడి స్థలంలో మొదటిసారి మాత్రం ఆమె తొందరపడింది. మొనలు నిటారుగా గుచ్చి తోసేసరికి ట్రాక్టరు ముందుచక్రాలు గాల్లోకి లేచాయి. గబుక్కున క్లచ్చి తొక్కింది.

"గుచ్చకే! పడుకోబెట్టి గీరు! చిన్న గేరులో!" భర్త గట్టు మీంచి అరిచాడు.

"వినబడుతోంది, చెవిటిదాన్ని కాదు!" ఆమె కూడా అరిచింది.

బకెట్టు కాస్త వెనక్కి వంచి, నెమ్మదిగా కదిలింది. ముందు ఆరు చాళ్ళు పడ్డాయి. రెండోసారికి చాళ్ళ మధ్య నేల బీటలిచ్చింది. మూడోసారికి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచి బకెట్టులోకి దొర్లింది. ఆమె ఇంజను ఆపకుండానే తల తిప్పి భర్తను చూసింది. ఆయన ఎడమచెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు.

మధ్యాహ్నం పాత పునాదిరాయి తగిలి ఒక మొన విరిగింది. ఆమె దిగి, పిన్ను కొట్టి, కొత్త మొన తొడిగి మళ్ళీ ఎక్కింది. మూడోనాడు గుట్ట మట్టి గుంటలోకి చేరాక పట్టీ విప్పేసింది. బకెట్టు బోసి అంచును నేలకు ఆనించి వెనక్కి నడుపుతూ, ఇస్త్రీ చేసినట్టు చదును చేసింది.

ఇప్పుడు పని కోసం ఫోన్ వస్తే ఎత్తేది భర్తే. రేటు మాట తర్వాత. "నేల ఎలాంటిది? రాళ్ళున్నాయా? పొడిగా ఉందా, తడిగా ఉందా?" అని ముందు ఆరా తీసి, పలక మీద రాసి గోడకు తగిలిస్తాడు. పొద్దున్నే ఆమె అది చూసి, పట్టీ తొడగాలో వద్దో తేల్చుకుని బయల్దేరుతుంది. వెనక ట్రాలీలో స్పానర్ల సంచి పక్కన ఆయన కూర్చుంటాడు. ఈ వారం చెరుకుతోట దారి, వచ్చే వారం కొత్త ఆసుపత్రి ఆవరణ. పలక చాలడం లేదని నిన్న ఇంకొకటి కొన్నారు.