అత్తయ్య వంటింటి కుర్చీ

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మేము కిరాయికి దిగిన ఏడాదే నాకు మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. అప్పట్లో అక్కడ మేడల కంటే బండరాళ్లే ఎక్కువ. కొత్తగా లేచిన ఒక అద్దాల భవనంలో, మూడో అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్లను పలకరించి కూర్చోబెట్టడం నా పని. ఆ పని నాకు ఎంత నచ్చిందంటే, ఆదివారం మధ్యాహ్నానికే సోమవారం ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించేదాన్ని.

నేనలా నిశ్చింతగా వెళ్లిరాగలిగానంటే ఇంట్లో అత్తయ్య ఉండబట్టే. పొద్దున ఎనిమిదింటికల్లా నాకూ మా ఆయనకూ డబ్బాలు సిద్ధం చేసేవారు. సాయంత్రం నేను వచ్చేసరికి ఇంగువ పోపు వాసన మెట్ల మీదే ఎదురొచ్చేది. అయితే ఆ చలికాలం ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. ఎక్కువసేపు నిలబడొద్దనీ, నేల మీద అసలే కూర్చోవద్దనీ డాక్టరు చెప్పారు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చూశారు. అది పొట్టిది, వంటగట్టు ఆవిడ గడ్డం దాకా వచ్చింది.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మాడిన వాసన. అత్తయ్య వంటింటి గడప పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. కాసేపు కాళ్లు చాపుకుందామని కూలబడి, మళ్లీ లేవలేకపోయారట. పొయ్యి మీద పప్పు కళ్లముందే మాడిపోయిందట.

"మీకు సాయం ఉందామని వచ్చి బరువైపోయానే అమ్మాయ్" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూడటం అదే మొదటిసారి.

ఇక ఉద్యోగం మానేయడమే మంచిదనుకున్నాను. మా ఆయన తొందరపడొద్దన్నా వినకుండా రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు దాన్ని ఇద్దామని మా ఆఫీసు వ్యవహారాలు చూసే అధికారి గదికి వెళ్లాను. ఆయన కింద సెల్లారులో ఉన్నారన్నారు. అక్కడికి దిగితే, ఆయన ముందు విరిగిన కుర్చీల గుట్ట. కంపెనీ పెట్టి రెండేళ్లు కాకుండానే ముప్పై కుర్చీలు మూల పడ్డాయి. చెత్త లారీకి ఎత్తించబోతున్నారు. వాటిలో ఒకదాని సీటు పైకి లేపి చూశాను. మా వంటగట్టుకు సరిగ్గా సరిపోయే ఎత్తు! చెయ్యి వేసి నొక్కగానే అది నిట్టూర్చినట్టు చప్పుడు చేస్తూ కిందికి దిగిపోయింది.

సంచిలో కాగితం సంచిలోనే ఉండిపోయింది. "సార్, ఇది నేను తీసుకెళ్లొచ్చా?" అని అడిగాను.

"కూర్చుంటే కిందికి దిగిపోతుందండి. దీన్నేం చేసుకుంటారు?" అని నవ్వి, తీసుకెళ్లమన్నారు.

సెవెన్ సీటర్ ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, మలుపు తిరిగినప్పుడల్లా చక్రాలు పక్కావిడ మోచేతిని గీరేవి. పాపం, ఆవిడే కాస్త జరిగి చోటిచ్చారు.

కింది వాటాలో మా ఇంటి యజమాని ఉండేవారు, ఆయన్ని ఇంటాయన అనేవాళ్లం. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏ పాత వస్తువూ పారేయనిచ్చేవారు కాదు. మెట్ల కింద ఫ్యాన్లు, స్టవ్వులు, కుక్కరు మూతలు పేర్చి పెట్టుకునేవారు. దోమలు చేరుతున్నాయి, ఆ ఇనుప సామాను తీయించేయమని అత్తయ్య అప్పటికి మూడుసార్లు చెప్పారు. అందుకే ఇద్దరికీ మాటలు అంతంతమాత్రం.

"ఏంది బిడ్డా, గిది యాడికెల్లి తెచ్చినవ్?" అని ఆయనే ఎదురొచ్చారు. సంగతి చెప్పాను. కుర్చీని తలకిందులు చేసి చూసి, "సీటు కింది గొట్టంల గ్యాసు పోయింది, అంతే. ఫికర్ చెయ్యకు. మీ అత్తమ్మను జర కిందికి రమ్మను, కొలత కావాలె" అన్నారు.

అత్తయ్య బిడియపడుతూనే రెయిలింగు పట్టుకుని దిగారు. ఆయన మెట్ల కింద నుంచి ఒక పాత స్టాండు ఫ్యాను గొట్టం లాగారు. అత్తయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి కొలత తీసుకుని, దానికి తగ్గట్టు గొట్టం కోసి, కుర్చీ సీటు ఊడదీసి, లోపలి కడ్డీకి ఆ ముక్క తొడిగి మళ్లీ బిగించారు. సీటు ఇక కిందికి దిగదు, గుండ్రంగా మాత్రం తిరుగుతుంది.

ఆయనే కుర్చీని పైకి మోసుకొచ్చి వేస్తే, వంటింట్లో అత్తయ్య దాని మీద కూర్చుని, ఒళ్లో చిక్కుడుకాయల గిన్నె పెట్టుకుని, "బాగుందండీ అన్నయ్యగారూ" అన్నారో లేదో, కుర్చీ కదిలింది. మా వంటిల్లు గిన్నెలు కడిగే మూలకు కాస్త వాలుగా ఉండేది. అత్తయ్య చిక్కుడుకాయలతో సహా మెల్లగా, గంభీరంగా ఆ మూలకు ప్రయాణమయ్యారు. నేను అరిచేలోపే ఇంటాయన వెళ్లి కుర్చీ పట్టుకున్నారు. ఆవిడ భయపడ్డారేమోనని చూస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"గిట్ల చక్రాలుంటే మీరు రేపు కూకట్‌పల్లి దాటిపోతరు!" అంటూ ఆయన చక్రాలు పీకేసి, తెగిపోయిన హవాయి చెప్పుల అడుగులు కోసి అయిదు కాళ్లకూ తొడిగారు. తర్వాత పిడుగు పడ్డా అది కదల్లేదు.

ఆ రాత్రి భోజనానికి చిక్కుడుకాయ కూర. ఎడమవైపు తిరిగితే పొయ్యి, కుడివైపు తిరిగితే పోపుల డబ్బా. కూర్చున్నచోటు నుంచి లేవకుండానే అన్నీ చేసి, మొదటి గిన్నె కిందికి ఇంటాయనకు పంపారు అత్తయ్య. నేను రాజీనామా కాగితం వెనకవైపు మర్నాటి సరుకుల జాబితా రాసుకున్నాను.

ఆఫీసులో ఈ కథ చెబితే అధికారి నమ్మలేదు. "చెత్త లారీ ఇంకా రాలేదు. అయితే ఆయన్నొకసారి తీసుకురండి" అన్నారు. ఇంటాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పనిముట్ల సంచితో వచ్చారు. లిఫ్టు ఎక్కగానే గోడకు చెవి ఆనించి విన్నారు. "జర గ్రీసు పెట్టాలె" అన్నారు. పక్కనున్న కుర్ర ఇంజినీర్లు మొహమొహాలు చూసుకున్నారు.

వారం రోజుల్లో ఇరవై రెండు కుర్చీలు పైకి వెళ్లాయి. మిగిలిన వాటిని విప్పి, పనికొచ్చే చక్రాలూ బోల్టులూ వేరే డబ్బాల్లో వేశారు. నాలుగోరోజు ఒక ఇంజినీరు తన కుర్చీ తనే మోసుకుని సెల్లారుకు దిగాడు. ఇంటాయన స్పానరు అతని చేతికే ఇచ్చి, "నువ్వే బిగియ్యి బిడ్డా, నేను సూస్తుంట" అన్నారు. నున్నగా గీసుకున్న గడ్డం మీద గ్రీసు మరకతో ఆ అబ్బాయి ఎంత సంబరంగా పైకి వెళ్లాడో!

తర్వాత కంపెనీ వాళ్లు సెల్లారులో ఒక మూల బల్ల వేసి, వారానికి రెండు రోజులు రమ్మన్నారు. రిటైరయ్యాక పగటిపూట గేటు దగ్గర నిలబడి దారినపోయేవాళ్లను చూస్తూ గడిపిన మనిషి, ఆ రెండు రోజులూ నాకంటే ముందే తయారై కూర్చునేవారు. అత్తయ్య మూడో డబ్బా కూడా కట్టడం మొదలుపెట్టారు. ఆటోలో ఎవరైనా ఎక్కడికని అడిగితే నేను జవాబు చెప్పే అవసరం లేకుండా, పనిముట్ల సంచి ఒళ్లో సర్దుకుంటూ ఆయనే అనేవారు: "మా ఆఫీసుకు."