అక్క మంచం పక్కన చేపల సీసా

పూలకూజాలో మురిగిన నీళ్లు పారబోయడం ఈ వయసులో కూడా నా వల్ల కాదు. ఆ వాసనకి పెదపారుపూడిలో మా అక్క మంచం పక్కన పెట్టిన గాజు సీసా గుర్తొస్తుంది.

అక్క టైఫాయిడ్‌తో మంచం దిగలేని రోజులవి. తనకి కాలక్షేపంగా ఉంటుందని పంటకాలువలో తువ్వాలు వేసి చిన్న చేపల్ని పట్టుకొచ్చాను. లోపలి ముల్లు కూడా కనిపించేంత పలచని చేపలు. సీసాలో వదిలి, ఆకలేస్తుందని పెరుగన్నం వేసి, మూత వదులుగా పెట్టాను. మర్నాటికి అవి పాలలా తెల్లబడి పైకి తేలాయి.

“చూడవే అక్కా, బాగా తిని ఒళ్లు చేశాయి. నిద్రపోతున్నాయి.”

“అవునే, బాగున్నాయి,” అని అక్క గోడవైపు తిరిగింది. నా మీద కోపమనుకున్నాను.

ఆ మర్నాడు పిన్ని జావ తెచ్చి, గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. సీసా మూత తీసింది. నీళ్లమీద జిగట మీగడలా పేరుకుంది. పొట్టలు పగిలిన చేపల్లో ఏది మాంసమో, ఏది మెతుకో తెలియలేదు. నాకు అక్కడే వాంతయింది.

“ఈ కంపులో ఎలా పడుకున్నావే? నిన్ననే చెప్పొద్దూ?” అని పిన్ని అక్కని కసిరింది.

“అది వాటిని చూసి మురిసిపోతుంటే ఎలా చెప్పను పిన్నీ?”

తర్వాత చాలా రోజులు అక్క పక్కన పడుకోవాలంటే నాకు రోత పుట్టేది. తన దుప్పటికీ, జుట్టుకీ ఆ కంపు పట్టిందనిపించేది. జబ్బు మనిషికి అన్నం వాసన కూడా ఎంత వెగటో, పెద్దయ్యాక నేను మంచం పట్టినప్పుడు గాని తెలియలేదు. అక్క మాత్రం నా కోసం ఒక పగలూ రాత్రీ ఆ కంపుని పీల్చింది.