చెయ్యి ఒళ్ళో ఉందని చెప్పమన్నారు

నేను కొవ్వూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. ఒక ఉదయం పనిమీద షేర్ ఆటోలో రాజమండ్రి వెళుతుంటే, బ్రిడ్జి మీద లారీ ఒకటి మా ఆటోని రాసుకుంటూ పోయింది. చివర కూర్చున్నది నేను. కుడి మోచెయ్యి నుజ్జయింది. రెండు ఆపరేషన్లయ్యాక కూడా చెయ్యి సగమే వంగుతుంది, వేళ్ళకి పట్టు లేదు.

నష్టపరిహారానికి కేసు వెయ్యమన్నది మా చర్చి పాస్టరు గారు. లాయరు గారిని చూపించిందీ ఆయనే. లాయరు గారు పెద్దాయన, మెల్లగా మాట్లాడే మనిషి. మొదటి రోజే, "ఏమేం చెయ్యలేకపోతున్నారమ్మా?" అని అడిగారు. చర్చిలో హార్మోనియం వాయించేదాన్నని, ఇప్పుడు వేళ్ళు ఆడటం లేదని చెప్పాను. జడ కూడా మా ఆయనే వేస్తున్నారని చెప్పాను. లాయరు గారు కలం పక్కన పెట్టి విన్నారు. పిటిషన్లో మాత్రం, రోజువారీ పనులు చేసుకోలేని స్థితి అని ఒక్క ముక్క రాశారు.

వాయిదాల మీద వాయిదాలు పడి, మూడేళ్ళకి నా సాక్ష్యం వంతు వచ్చింది. ముందురోజు లాయరు గారు నన్నూ మా ఆయన్నీ ఆఫీసుకి పిలిచారు.

"దెబ్బ తగిలినప్పుడు చెయ్యి ఎక్కడుందమ్మా?"

"పైన రాడ్ పట్టుకున్నానండి. మోచెయ్యి బయటికి వచ్చింది."

"అలా అనకండి. తప్పు మీ మీదికి తోస్తారు. చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నానని చెప్పండి."

మా ఆయన తలూపారు. నేనూ సరేనన్నాను.

మర్నాడు కోర్టులో, దేవుడి సాక్షిగా అంతా నిజమే చెబుతానని నా చేత అనిపించారు. లారీ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు లాయరు కుర్రవాడే, చాలా మర్యాదగా అడిగాడు.

"మేడమ్, మీ మోచెయ్యి ఆటో బయట ఉంది కదండీ?"

మా లాయరు గారి వైపు చూశాను. ఆయన కాయితాల్లోంచి తలెత్తలేదు.

"ఉందండి" అన్నాను.

అది నా నిజాయితీ అని ఈరోజుకీ చెప్పుకోలేను. అడగ్గానే నోట్లోంచి వచ్చేసింది, అంతే.

వరండాలో లాయరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఒక్క మాట మార్చి చెబితే సరిపోయేదమ్మా" అన్నారు. మా ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు.

కొన్ని నెలలకి తీర్పు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని లాయరు గారు తెలుగులో చెప్పారు. ప్రమాదానికి నా నిర్లక్ష్యం కూడా కారణమట. ఇవ్వాల్సినదాంట్లో సగం కోసేశారు. డబ్బు తగ్గినందుకు బాధపడ్డాను గానీ, ఆ 'నిర్లక్ష్యం' అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. మూడేళ్ళు తిరిగింది ఈ మాట రాయించుకోవడానికా అనిపించింది.

"అప్పీలు వేద్దామా?" అన్నారు లాయరు గారు.

"ఏమని వేస్తామండి? బయటే ఉందని నేనే చెప్పాను కదా."

ఆయన ఫైలుకి తాడు కట్టేశారు. తీర్పు కాపీ తీసుకుని బస్టాండు వైపు నడిచాం. అన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తని మా ఆయన, బస్సు కోసం నిలబడ్డప్పుడు, "ఒళ్ళో ఉందని చెబితే ఏం పోయేది?" అన్నారు.

బస్సు వచ్చింది. ఎడమ చేత్తో రాడ్ పట్టుకుని ఎక్కాను.